స్టేషన్ మోసిన పెదనాయన

మా పెదనాయన పోయినాడని మొన్న శుక్రవారం పొద్దున పొదిలికి కబురు వచ్చింది. నేను పనిచేసే బడిలో సెలవు చెప్పి, దొరికిన బస్సెక్కి, పెద్దారవీడు దగ్గరి మా ఊరు చేరేసరికి పాడె కడుతున్నారు.

ఆయన ముప్పై ఏళ్లు మద్రాసు పెద్ద స్టేషన్లో మూటలు మోసి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడాది ఊరికి తిరిగొచ్చాడు. వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగేవాడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఇక స్టేషన్ చరిత్రే. మీలో మద్రాసు పోయినవాళ్లు ఆ స్టేషన్ గోపురం చూసే ఉంటారు. "మొదట మనకు నాలుగే ప్లాట్‌ఫారాలు. గోపురమూ గడియారమూ తర్వాత లేపినారు" అని, తాను పుట్టకముందు సంగతులు కూడా దగ్గరుండి కట్టించినట్టే చెప్పేవాడు. "మద్రాసు ఇప్పుడు మనది కాదు కదా, పెదనాయనా" అని ఆటపట్టిస్తే, "ఊరు పోతే పోయింది. స్టేషన్ ఎట్ల పోతాదిరా? ముప్పై ఏండ్లు నా నెత్తిన ఉండె" అనేవాడు. ఆ కబుర్లు వినే, నేనూ ఊరు దాటి లోకం చూడాలని, నాకు చదువు మీద ఆశ పుట్టింది.

నేను స్కూల్ ఫైనల్ చదివే ఏడు అమ్మకు కడుపులో గడ్డ లేచింది. మద్రాసు ఆసుపత్రికి తీసుకుపోవాలి. పెదనాయన జ్వరంతో రాలేకపోయాడు. స్టేషన్లో తనతో మూటలు మోసిన పాత జతగాడికి జాబు రాయించి, నాయనకు ఒకటికి పదిసార్లు చెప్పాడు.

"పార్సిల్ ఆఫీసు పక్క గేటు కాడ నిలబడండి. వాడొచ్చి ఆసుపత్రికి తోడుకపోతాడు. ఆడనుంచి కదలొద్దు."

ఆ గేటు మూసేసి చాలా కాలమైందని పెదనాయనకు తెలియదు. జతగాడు కొత్త గేటు దగ్గర, పొద్దున్నే రైలు దిగిన మేము పాత గేటు దగ్గర. ఎవరినైనా అడుగుదామని నేను లేస్తే, "అన్న కదలొద్దన్నాడు" అని నాయన కూర్చోబెట్టాడు. అమ్మ నా ఒళ్లో తల పెట్టుకుని నొప్పి దిగమింగుతూ ఉంది. పొద్దు వాలాక అతనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆసుపత్రిలో మర్నాడు చూశారు.

"ఆరు నెలలు ముందు రావాల్సింది. ఒక్క రోజు ముందొచ్చినా లాభం లేదు" అని డాక్టరు నాయనతో, నాతో చెప్పాడు. వారానికి అమ్మ పోయింది.

ఊరికొచ్చాక నాయన నలుగురిలో, "నీ గేటును నమ్మి నా పెండ్లాన్ని చంపుకుంటిని" అన్నాడు. డాక్టరు మాట ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. నేను నోరు విప్పలేదు. ఆ బరువు ఎవరైనా మోస్తే బాగుండుననిపించింది. మోసే అలవాటున్న మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆనాటినుంచి పెదనాయన స్టేషన్ ఊసే ఎత్తలేదు.

అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకు అటూ ఇటూ ఆరేళ్లు మాటల్లేకుండా బతికారు. సెలవులకు పోయినప్పుడల్లా పెదనాయనకు ఆ డాక్టరు మాట చెబుదామనుకునేవాణ్ణి. "ఏందబ్బయ్యా, బాగుండావా?" అనేవాడు. బాగున్నానని చెప్పి వచ్చేసేవాణ్ణి. ఇప్పుడు సిగ్గుపడి ఏం లాభం?

శుక్రవారం దారి మధ్యలో, దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అక్కడ పోయిన మనిషిని అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి, ఆ తర్వాతే పాడె మళ్లీ లేపుతారు. పెదనాయనకు బిడ్డల్లేరు. నాయన వంగాడు. "అన్నా" అన్నాడు. మళ్లీ "అన్నా" అన్నాడు. మూడోసారి గొంతు రాలేదు. మోసేవాళ్లు ఎండలో నిలబడే ఉన్నారు. నాయన వంగినవాడు వంగినట్టే ఉన్నాడు.