రెండో సాక్ష్యం

మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాలి. జబ్బు తగ్గినా, బోరులో నీళ్లు పడినా, కాన్పు క్షేమంగా జరిగినా చెప్పాల్సిందే. నష్టపోయినవాళ్లు లేచి చెప్పే ఆనవాయితీ మాత్రం లేదు. వాళ్లు వెనక వరసలో కూర్చుని, ప్రార్థన కాగానే చెప్పులు వెతుక్కుంటారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినప్పుడు నేనూ చెప్పాను. అంతకుముందు నేను నారాయణఖేడ్‌లో టైల్స్ వేసేవాడిని. హైదరాబాద్‌లో ఒక ఆఫీసుకు టైల్స్ వేయడానికి పోయి, పని అయ్యాక అక్కడే ఊడ్చే పనికి కుదిరాను. తర్వాత కంప్యూటర్లు మోసి వైర్లు కలిపే పని. ఆదివారాలు దూరవిద్యలో డిగ్రీ. ఆ తర్వాత ఫోన్లు ఎత్తే పని, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే పని. నేను సొంతంగా ప్రోగ్రాములు రాసే రోజు వచ్చేసరికి ముప్పై దాటాయి. ఈ తిప్పలన్నీ సాక్ష్యంలో చెప్పలేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, “దేవుడు నాకు జేసినట్టే మీ పిల్లలకు గూడ జేస్తడు” అనేశాను. అందరూ ఆమెన్ అన్నారు. నా బామ్మర్ది అందరికంటే గట్టిగా అన్నాడు.

వాడిదీ టైల్స్ పనే, నేను నేర్పిందే. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా కటింగ్ మిషన్ దుమ్ము ఉండేది. ముప్పై నిండకముందే వాడి మోకాళ్లు పాడయ్యాయి.

మొన్న ఎండాకాలంలో నా ఉద్యోగం పోయింది. పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే నా పాస్‌వర్డ్ పనిచేయలేదు. మేనేజర్ ఫోన్ చేసి, నీ పని బాగాలేదని కాదు, మీరంతా చేసే పని ఇప్పుడు మెషీనే చేస్తుంది అన్నాడు. బాగాలేదని తిట్టినా బాగుండేది. దిద్దుకుంటానని కాళ్లయినా పట్టుకునేవాడిని. ఇంకెక్కడా పిలుపు రాక, అద్దె ఇల్లు ఖాళీ చేసి నారాయణఖేడ్‌కు వచ్చేశాం. వర్క్ ఫ్రమ్ హోమ్ అని అందరికీ చెప్పాం. నిజం నాకూ నా భార్యకూ మాత్రమే తెలుసు. నేను గదిలో ఉంటే మా అమ్మ టీవీ గొంతు తగ్గించేది. నేను లోపల గోడ చూస్తూ కూర్చునేవాడిని. చచ్చిపోతే బాగుండనిపించిన రోజులున్నాయి.

అంతలో బామ్మర్ది పని మానేసి హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులో సీటు మాట్లాడుకున్నాడు. రోజూ వచ్చి, “బావా, జావా నేర్సుకోవాల్నా, పైథానా?” అని అడిగేవాడు. నోటిదాకా వచ్చిన మాట మింగి, ఏదో ఒకటి చెప్పి పంపేవాడిని.

“సోమారం వాడు పోతుండు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?” అంది నా భార్య.

“నేనే చెప్త” అన్నాను. శనివారం రాత్రయినా చెప్పలేదు.

ఆదివారం పాటలు అయ్యాక పాస్టరయ్య నావైపు చూశాడు. “మన పిలగాడు రేపు కోర్సుకు పోతుండు. వాళ్ల బావ లేసి రెండు మాటలు చెప్తడు.” ఆడవాళ్ల వరసలోంచి నా భార్య కళ్లార్పకుండా చూస్తోంది.

లేచాను. “నా ఉద్యోగం పోయింది. నాలుగు నెలలైతుంది. మల్ల దొరుకుతలేదు. గా కోర్సులు నేర్సినోళ్లు నా లెక్కనే రోడ్ల మీద తిరుగుతుండ్రు. వీన్ని పంపకుండ్రి.”

ఎవరో ముసలమ్మ “అయ్యో కొడకా” అంది. పాస్టరయ్య దగ్గరికొచ్చి నా తల మీద ఒక చెయ్యి, బామ్మర్దిని పిలిచి వాడి తల మీద ఇంకో చెయ్యి పెట్టాడు. నా ఉద్యోగం తిరిగి రావాలని, వాడి ప్రయాణం సఫలం కావాలని ఒకే ప్రార్థన చేశాడు. రెండింటికీ కలిపి అందరూ ఆమెన్ అన్నారు. నేను వద్దని మొత్తుకున్నది ఒక్కరి చెవికీ ఎక్కలేదు.

బయట వాడి చెయ్యి పట్టుకున్నాను. “విన్నవ్ గదరా. పోకు.”

వాడికి కోపం రాలేదు. “ఎన్నేండ్లు జేసినవ్ బావా ఆ నౌకరి?”

“అయిదేండ్లు.”

“నాకు గా అయిదేండ్లన్నా దొరకనీ.”

ఇక్కడే ఉండు అందామంటే, ఇక్కడ ఏముందో వాడి మోకాళ్లకు నాకంటే బాగా తెలుసు. వాడు ఇబ్బందిపడుతూ అన్నాడు: “కల్హేర్‌ల ఓ ఇంటి టైల్స్ పని సగంల ఇడిసిపెట్టిన. ఇంటాయన పరేషాన్ చేస్తుండు. నువ్వు ఖాళీగనే ఉన్నవ్ గదా, పోతవా?”

నా భార్య పక్కనే ఉంది. ఆమె పోవద్దంటుందని చూశాను. ఆమె ఇంకెన్ని రోజుల పనుందని వాణ్ని అడిగింది.

సోమవారం వాణ్ని హైదరాబాద్ బస్సెక్కించి, వాడి బండి మీదే కల్హేర్ పోయాను. ఇంటాయన గేటు దగ్గరే ఎదురొచ్చాడు. “ఏంది మేస్త్రీ, ఇప్పుడా వచ్చుడు? జల్దీ గానియ్యి.”

“అయితది పటేలా” అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు, లోపలి గదిలోకి పోయి, కటింగ్ మిషన్ ఆన్ చేసుకుని ఏడ్చాను.