గొలుసు ప్రార్థనా, పద్నాలుగు కంప్యూటర్లూ

కొత్వాల్‌గూడ డోర్కాస్‌కు చేసిన పని మళ్ళీ చేయాలన్నా, చెప్పిన మాట మళ్ళీ చెప్పాలన్నా ఒళ్ళు మంట. కూరలో ఉప్పు తక్కువైందని భర్త ప్రేమ్ రాజ్ ఒకసారి అంటే ఊరుకుంటుంది. రెండోసారి అన్నాడా, ఉప్పు డబ్బా తెచ్చి ఆయన పళ్ళెం పక్కన పెట్టి వెళ్ళిపోతుంది. అలాంటి మనిషికి దేవుడు టైపిస్టు ఉద్యోగం ఇచ్చాడు. ఆయన సరదాలు ఆయనవి.

గగన్‌పహాడ్‌లో ఫ్యాన్ మోటార్లు చేసే కంపెనీ అది. ఒకే ఉత్తరాన్ని నలుగురికి నాలుగుసార్లు కొట్టి కొట్టి విసిగిపోయి, సాయంత్రాలు ఆరాంఘర్‌కు పోయి ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసింది. ఆఫీసులో ఉన్న ఒక్క పాత కంప్యూటర్ ముందు కూర్చునే హక్కు అలా సంపాదించుకుంది. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం.

1999 ఆగస్టులో కంపెనీకి పద్నాలుగు కొత్త కంప్యూటర్లు దిగాయి. రెండువేల సంవత్సరం వస్తే పాతవన్నీ తేదీలు మరిచిపోతాయని అప్పట్లో ఎక్కడ విన్నా ఒకటే గోల. మేనేజర్ మల్లేశ్వరరావు తెనాలి వైపు మనిషి. మర్యాదగా మాట్లాడుతూనే మెడ మీద కత్తి పెట్టగలడు. బుధవారం పొద్దున డోర్కాస్‌ను పిలిచాడు.

"ఒక్కోదాంట్లో నాలుగు సాఫ్ట్‌వేర్లు ఎక్కించాలమ్మా. శనివారం సాయంత్రానికి అన్నీ సిద్ధంగా ఉండాలి. లేదంటే సిటీ నుంచి ఏజెన్సీ వాళ్ళను పెట్టుకుంటాం. కంప్యూటర్ల పనంతా ఇక వాళ్ళే చూసుకుంటారు. మీరు హాయిగా ప్యాకింగ్‌లో లేబుళ్ళు రాసుకోవచ్చు."

"అయితది సార్," అంది డోర్కాస్. ఎట్లా అవుతుందో ఆమెకూ తెలియదు.

మొదటిదాని ముందు కూర్చున్నాక తెలిసొచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్లు ఎక్కుతూ ఎక్కుతూ ఆగి ప్రశ్నలు వేస్తాయి. షరతులు ఒప్పుకుంటున్నారా? ఏ ఫోల్డర్‌లో పెట్టమంటారు? ఇక ముందుకు పోదామా? కొత్త అల్లుడికి చేసినట్టు పక్కనే నిలబడి మర్యాదలు చేయాలి. 'నెక్స్ట్' నొక్కి, లేచి ఒక ఉత్తరం కొట్టి వచ్చేలోగా ఇంకో ప్రశ్న పెట్టుకుని అలిగి కూర్చుంటుంది. ఒక్క కంప్యూటర్‌కే పూట గడిచిపోయింది. ఈ లెక్కన పద్నాలుగింటికి వారం పడుతుంది, ఉన్నది మూడు రోజులు. పైగా అవే ప్రశ్నలకు అవే జవాబులు పద్నాలుగుసార్లు! డోర్కాస్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

సీడీలతో పాటు వచ్చిన లావు పుస్తకం తిరగేసింది. జవాబులన్నీ ఒక్కసారి చెప్పి ఫైల్లో దాచిపెడితే, మళ్ళీ అడగకుండా వాటంతటవే ఎక్కుతాయట. గురువారం నాలుగు సాఫ్ట్‌వేర్లకూ జవాబులు దాచింది. కంప్యూటర్‌కు పనులు పురమాయించే చీటీలాంటి బ్యాచ్ ఫైల్లో, ఆ నాలుగింటినీ పిలుస్తూ నాలుగు వరుసలు రాసి, ఒక కంప్యూటర్‌లో నడిపించింది. నాలుగూ ఒకేసారి లేచాయి. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, ఇక్కడ నాలుగాయె. కంప్యూటర్ బిగుసుకుపోయింది. మళ్ళీ నడిపించినా అంతే. లేబుళ్ళు రాస్తూ బతకాలేమోనని నిజంగానే భయపడింది. కళ్ళనీళ్ళు కుక్కుకుంటూ బస్సెక్కింది.

ఆ సాయంత్రం వాళ్ళింట్లో ప్రార్థన కూడిక. అత్త వరమ్మే దానికి పెద్ద. గొలుసు ప్రార్థన మొదలైంది. ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించాలి, ముందరివాళ్ళు ఆమెన్ అన్నాకే తర్వాతివాళ్ళు అందుకోవాలి. పద్ధతి అదే గానీ, పక్కింటి పెద్దాయన దావీదుకు అంత ఓపిక లేదు. ఆడపడుచు ఎవాంజెలిన్ వానల కోసం వేడుకుంటూ ఉండగానే ఆయన తన మోకాలి నొప్పి ఎత్తుకున్నాడు. వానా మోకాలూ కలగలిసి, ఏది ఎవరి మనవో తెలియకుండా పోయింది. వరమ్మ ఒక కన్ను తెరిచింది.

"ఏంది దావీదన్నా నీ పరేషాన్? ఆ పిల్ల ఆమెన్ అనేదాక జర ఆగరాదు!"

"ఆగుత గని, ఆమెను జల్ది ఆమెన్ అనమను," అన్నాడు దావీదు.

డోర్కాస్ రెండు కళ్ళూ తెరిచేసింది. ప్రార్థనలో కళ్ళు తెరవడం తప్పే, కానీ ఆ రోజు దేవుడే తెరిపించాడని ఇప్పటికీ వాదిస్తుంది. ఫైల్లో నాలుగు సాఫ్ట్‌వేర్లనూ పిలిచింది గానీ, ముందరిది ముగిసేదాకా ఆగమని తర్వాతిదానికి ఎవరు చెప్పారు?

శుక్రవారం పుస్తకంలో వెతికితే దానికీ మాట దొరికింది. ప్రతి వరుస మొదట్లో 'ఆగు' అనే అర్థం వచ్చే ఆ ఇంగ్లీషు మాటను చేర్చింది. ఒకటి ముగిశాక రెండోది, అది ముగిశాక మూడోది బుద్ధిగా లేచాయి. ఎంతవరకు వచ్చిందో దూరం నుంచే కనబడాలని, ఒక్కోటి ముగియగానే తెరమీద 'ఆమెన్ 1', 'ఆమెన్ 2' అని పడేట్టు కూడా రాసింది. సీడీల్లోవన్నీ ఒక పెద్ద కంప్యూటర్‌లోకి ఎక్కించి, తీగల మీదుగా మిగతావాటికి అందేట్టు చేసేసరికి ఆ రోజు కాస్తా గడిచిపోయింది.

శనివారం పొద్దున మిగిలిన పన్నెండు కంప్యూటర్లలోనూ వరసగా ఆ ఫైలు నడిపించి, అన్నం డబ్బా పట్టుకుని క్యాంటీన్‌కు పోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తీరిగ్గా తింది. తిరిగొచ్చేసరికి హాల్లో మల్లేశ్వరరావు నిలబడి ఉన్నాడు. కుర్చీలో మనిషి ఉంటేనే పని జరుగుతున్నట్టు లెక్క ఆయనకు.

"ఏంటమ్మా ఇది? కుర్చీలన్నీ ఖాళీ. తెరలమీద ఆమెన్ ఏంటి? ఆఫీసులో ప్రార్థన పెట్టారా?"

"అవంతట అవే ఎక్కుతున్నయ్ సార్, ఒకటైనంక ఒకటి. ఆమెన్ నాలుగు వస్తే అయినట్టు."

"మనిషి లేకుండానా? నేను మరీ అంత అమాయకుడిలా కనిపిస్తున్నానా?" ఆయన ముఖం ఎర్రబడింది. "ప్యాకింగ్‌కు మీ బదిలీ కాగితం టైపు చేసి తీసుకురండి. సాయంత్రం సంతకం పెడతాను."

ఆఫీసులో టైపు చేసేది ఆమె ఒక్కతే మరి! తన బదిలీ కాగితం తానే కొట్టుకోవాలి. డోర్కాస్ బాత్రూంలోకి పోయి ఏడ్చింది. ఏడ్చాక కోపం వచ్చింది. కోపంలోనే ఆమెకు బుర్ర బాగా పనిచేస్తుంది. ముందే సిద్ధమైన కంప్యూటర్ ముందు కూర్చుని, "డోర్కాస్‌ను ప్యాకింగ్ విభాగానికి బదిలీ చేయడమైనది" అని కొట్టి, ఫ్లాపీలో దాచుకుని హాల్లోకి నడిచింది. మూలనున్న ప్రింటర్ సాయంత్రం దాకా చప్పుడు చేస్తూనే ఉంది.

అయిదింటికి మల్లేశ్వరరావు బల్లమీద కాగితాల కట్ట పెట్టింది.

"ఒక్క కాగితానికి ఇన్నెందుకమ్మా?"

"పద్నాలుగు సార్. ఒక్కో కంప్యూటర్లకెల్లి ఒక్కోటి తీసిన, మూలకు నంబర్ ఏసిన. మీకు ఏది మంచిగ కొడితే దానిమీద పెట్టుండ్రి సంతకం."

ఆయన ఒక్కో కాగితం తిప్పాడు. ఒకటి నుంచి పద్నాలుగు దాకా నంబర్లు వరసగా ఉన్నాయి. లేచి హాల్లోకి వెళ్ళి తెరలన్నీ చూసొచ్చాడు. పద్నాలుగూ సిద్ధంగా ఉన్నాయి. కలం మూత తీశాడు. కాసేపు కాగితం మీదే పట్టుకుని, మళ్ళీ మూత పెట్టాడు.

"సోమవారం ఏజెన్సీ వాళ్ళు వస్తామన్నారు," అన్నాడు ఆమె వైపు చూడకుండా. "రావద్దని ఒక ఉత్తరం టైపు చేయండి."

"ఎన్ని కాపీలు సార్?" అంది డోర్కాస్.