ఇంటర్వెల్ దాకా

సినిమాకు వెళ్లిన మనిషి సగంలో లేచి వచ్చేస్తే, ఆ సినిమా చూసినట్టా, చూడనట్టా? రాఘవయ్య గారికి ఇప్పటికీ తేలలేదు.

అమీర్‌పేట సందులో సురేందర్‌ది ఆల్ట్రేషన్ కొట్టు. హాస్టలు పిల్లల జీన్సులు పొట్టి చేయడం, పెళ్లి బ్లౌజులు వదులు చేయడం అతని పని. శుక్రవారం మాత్రం పంజాగుట్టలో పొద్దునాట చూసొచ్చాకే షట్టరెత్తేవాడు. మధురానగర్ నుంచి సాయంత్రం నడకకు వచ్చే రాఘవయ్య గారు ఆ కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని అతని తీర్పులు వినేవారు.

"గా కొట్లాట సినిమానా? గుడ్డ మంచిదే సార్, కుట్టుడే రాలే. గంత పెద్ద కత్తి ఎందుకు హీరోకు, కొబ్బరికాయ కొట్టనీకా?"

"మరి ఆ కుటుంబ కథ?"

"తెర మీద అత్త ఏడుస్తుంది, కోడలు ఏడుస్తుంది, నా పక్కన కూసున్నామె సుత ఏడుస్తుంది. పాప్‌కార్న్ రేటు చూసి నేను సుత ఏడ్సిన."

నవ్వుకుంటూ ఆయన లేచేవారు. ఉత్తగా లేచి వెళ్తే సురేందర్ ఊరుకునేవాడు కాదు. "పోయొస్త అనాలె సార్" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేవాడు.

ఒక శుక్రవారం ఏదో హత్య కథ గురించి ఊపుగా చెబుతున్నాడు. బావమరిది చూపు బాగాలేదట, వంటామె ఏదో దాస్తోందట.

"ఇంతకీ చంపిందెవరండీ?"

మిషను ఆగింది. "గది నాకెట్ల తెలుస్తది సార్?"

నవ్వబోయి రాఘవయ్య గారు ఆగిపోయారు. ఇన్నాళ్లలో ఈ మనిషి ఒక్క సినిమాకూ ముగింపు చెప్పలేదు.

సురేందర్ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా చెప్పాడు. "ఆరేండ్లయింది. మా ఆమెను, వనితను, గీడనే పంజాగుట్ట దవాఖానల ఉంచినం. జ్వరం తగ్గింది. 'రెండు దినాలసంది నా మొఖమే చూస్తున్నవ్, జర సినిమాకన్న పో' అని తనే తోలింది. ఇంటర్వెల్ల లేచొద్దామనుకున్న." దారం సూదిలోకి పోలేదు. "సినిమా మస్తుండె సార్. కూసున్న. ఫోన్ సైలెంట్ల ఉండె. బయటికొచ్చి చూస్తే పదకొండు కాల్స్. నేను పోయొస్త అనే పోయిన. ఆమెనే అనలే."

రాఘవయ్య గారు అడిగారు. "మరి ఇంకా సినిమాలకెందుకండీ వెళ్లడం?"

"ఇంటర్వెల్ల లేస్తున్న గద సార్. లేచి, గా దవాఖాన గేటు దాకా నడుస్త. ఇప్పుడు టైముకే పోతున్న."

ఆ రాత్రి ఆయనకు చదువుతున్న పుస్తకం ముందుకు సాగలేదు. మరుసటి శుక్రవారం సురేందర్‌తో పాటు తనూ పొద్దునాటకు బయల్దేరారు. "ఈ ఒక్కసారి చివరిదాకా కూర్చోండి సురేందర్ గారూ. నేను పక్కనే ఉంటాను కదా."

అది దయ్యం సినిమా. ఇంటర్వెల్‌లో సురేందర్ సగం లేచాడు. రాఘవయ్య గారు అతని మణికట్టు పట్టుకున్నారు. కూర్చున్నాడు. మళ్లీ చీకటి పడగానే ఫోను మోకాలి మీద పెట్టుకుని, దాని వెలుగు ఆరిపోయినప్పుడల్లా వేలితో తట్టి లేపుతున్నాడు.

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "అన్నా, ఫోన్ బంద్ చెయ్ భాయ్! దయ్యం కనబడ్తలే!"

హాలంతా నవ్వింది. సురేందర్ కూడా నవ్వి ఫోను బోర్లా పెట్టాడు. రాఘవయ్య గారి మనసు కుదుటపడింది.

తెర మీద తలుపు వేసి ఉంది. అవతల నుంచి ఒకామె మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తోంది. అతను గడియ మీద చెయ్యి వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. తలుపు తీస్తాడా, తీయడా అని రాఘవయ్య గారు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి చూశారు. మణికట్టు ఎప్పుడు వదిలేశారో ఆయనకే తెలియదు.

లైట్లు వెలిగాయి.

"బాగా తీశాడండీ! ఏంటి, మీ తీర్పేంటి?" అంటూ పక్కకు తిరిగారు.

సీటు మడుచుకుని ఉంది. పోయొస్త అనకుండానే వెళ్లిపోయాడు.