ఆపి, వేయవద్దు

పార్శిల్ ఆఫీసులో అతన్ని అందరూ ఆపివెయ్యి అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండకపోదు గానీ అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. ఈ బిరుదు మాత్రం పూర్తిగా స్వయంకృషి. నెట్ రావడం లేదని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, మాట పూర్తి కాకముందే అతను, "ఒకసారి ఆపి... వెయ్యండి" అనేవాడు. ఆ రెండు మాటల మధ్య కాస్త ఆగి, నాడి చూస్తున్న వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు. ప్రింటరు మొరాయించినా అదే మందు, తూకం యంత్రం తిక్కతిక్క అంకెలు చూపించినా అదే మందు. చిత్రమేమిటంటే చాలాసార్లు పనిచేసేది కూడా. దాంతో ఇంకో విద్య నేర్చుకోవలసిన అగత్యం అతనికి రాలేదు.

అసలు అతను చేరింది పెట్టెలకు టేపు అంటించే పనిలో. ఆఫీసుకు రౌటర్ వచ్చిన రోజు, దాన్ని గోడకు బిగించడానికి స్టూలు ఎక్కింది అతనే. దిగేసరికి నెట్‌వర్కు ఇన్‌చార్జి అయిపోయాడు. పైకి ఎక్కినవాడికే దాని సంగతి తెలుస్తుందని మేనేజరు గారి సిద్ధాంతం. తర్వాత పాపం అతను వీడియోలు చూసి నాలుగు ముక్కలు నేర్చుకున్నాడు, పాత లాప్‌టాప్ ఒకటి సంపాదించాడు. ఆఫీసులో అందరికీ ఆపి వెయ్యడంలో తర్ఫీదు ఇచ్చాడు. కౌంటరులో బుకింగులు చూసే అక్క అతని మొదటి శిష్యురాలు. గురువు చెప్పిందానికి అక్షరం కూడా అటూ ఇటూ చెయ్యని మనిషి.

ఇంత వైభవంగా సాగుతున్న జీవితంలో తోడల్లుడనేవాడు లేకుంటే బాగుండేది. భార్య చెల్లెలి మొగుడు. నెట్‌వర్కులు చూసే పెద్ద కంపెనీలో ఏదో ఆఫీసరు. అత్తగారింట్లో చేతులున్న కుర్చీ చిన్నల్లుడిది, మడత కుర్చీ పెద్దల్లుడిది. "అన్నయ్యా, మీరూ మా లైన్లోనే ఉన్నారుగా" అని అతను పదిమందిలో అంటుంటే, ఆ మర్యాదకు మనవాడికి ఒళ్ళు మండిపోయేది.

అలా ఉండగా హెడ్డాఫీసు నుంచి మేనేజరు గారికి ఫోన్ వచ్చింది. రౌటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. దానికంటే ముందు పాత బూట్‌లోడర్ తీసి కొత్తది పెట్టాలి. బ్రాంచిలో ఆ పని చెయ్యగలవాడు ఉంటే సరి, లేకపోతే రౌటర్ల బాధ్యత బయటి కంపెనీకి ఇచ్చేస్తారు, ఇన్‌చార్జి పోస్టు ఎత్తేస్తారు. ఆ బయటి కంపెనీ ఏదో చెప్పనక్కర్లేదు. అక్కడి ఆఫీసరుకు చేతుల కుర్చీ అంటే చాలా ఇష్టం.

"బూట్ల లోడరట, మనకు ఉన్న లోడర్లు చాలరా?" అన్నారు మేనేజరు గారు ఫోన్ పెట్టేసి.

"ఏ పార్టీదండీ బూట్ల లోడు? గోడౌన్లో చోటు లేదు" అంది అక్క.

ఆపివెయ్యి వాళ్ళిద్దరికీ ఓపిగ్గా చెప్పాడు. ఎవరికీ ఎక్కలేదు. ఇంటికి వెళ్ళి భార్యకు చెప్పాడు.

"పొద్దున్నే నువ్వు ముందు లేచి మమ్మల్నందరినీ లేపుతావు చూడు. రౌటర్‌లో ఆ పని చేసేది బూట్‌లోడర్. కరెంటు ఇవ్వగానే ముందు అది లేస్తుంది, మిగతావాటిని లేపి పనికి తోలుతుంది."

"మరి దాన్నే మార్చేటప్పుడు ఎవరు లేపుతారు?"

"ఎవరూ లేపరు. అందుకే అది మారేంతసేపూ కరెంటు పోకూడదు. మధ్యలో ఆగిందా, రౌటర్ ఇక ఇటుకే."

భార్య తరుగుతున్న కూర పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా, "నీ వల్ల అవుతుందా?" అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. అతనికి అప్పుడు భయం వేసింది. ఉద్యోగం పోతే ఆ మడత కుర్చీలో కూర్చునే మొహం కూడా ఉండదు.

మధ్యాహ్నం భోజనాల తర్వాత ఆఫీసు కాస్త తెరిపిగా ఉంటుంది. ముహూర్తం అప్పటికి పెట్టుకున్నాడు. కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరు బ్యాటరీలు చూసుకున్నాడు. ప్లగ్గు ఊడకుండా, స్విచ్చు కదలకుండా పార్శిల్ టేపు చుట్టలు చుట్టలుగా అంటించాడు. అంతటితో ఆగితే బాగుండును. కౌంటరు పక్కన రౌటర్ ఉండే అలమరా తలుపుకు ఒక బోర్డు కూడా తగిలించాలనిపించింది. ఖాళీ పెట్టె మూత చింపి, లావుపాటి పెన్నుతో మంచి గుండ్రటి అక్షరాలు రాశాడు. అట్ట వెడల్పు చాలక మూడు వరుసలైంది. రౌటర్. దాని కింద, ఆపి. దాని కింద, వేయవద్దు. దూరంగా నిలబడి చూసుకుని తన దస్తూరికి తనే మురిసిపోయాడు.

లాప్‌టాప్ తీగ పెట్టి, ఇష్టదైవాన్ని తలుచుకుని, మీట నొక్కాడు. పని పూర్తయ్యేదాకా కరెంటు తియ్యొద్దని తెర మీద అక్షరాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తోడల్లుడు.

"అన్నయ్యా, ఇంకా మొదలుపెట్టలేదా? మా కుర్రాళ్ళని పంపించనా?"

ఇంత రుచికరమైన ఫోన్ కౌంటరు దగ్గర నిలబడి మాట్లాడితే ఏం బాగుంటుంది? మెట్ల మీదికి వెళ్ళాడు. కాలరు ఎగరేసుకుంటూ బూట్‌లోడర్ గొప్పతనం మొదటి నుంచి చెప్పుకొచ్చాడు. తోడల్లుడు మధ్యలో "అవునా అన్నయ్యా" అన్నప్పుడల్లా అతనికి కడుపు నిండినంత పనైంది.

ఈలోగా కౌంటరు దగ్గరికి పెద్ద మూటతో ఒకాయన వచ్చాడు. నెట్ లేదు. అక్క కంగారు పడలేదు, తర్ఫీదు పొందిన మనిషి. లేచి అలమరా దగ్గరికి వెళ్ళింది. బోర్డు చదివింది. ఎప్పుడూ ఆపి, వెయ్యమంటాడు. ఇవాళ ఆపి, వేయవద్దంటున్నాడు. కొత్త బూట్ల లోడరు వచ్చాడుగా, పద్ధతి మారినట్టుంది అనుకుంది. టేపు కొయ్యడంలో ఆ ఆఫీసులో ఆమెకు సాటి లేరు. చక్కగా కోసి, స్విచ్చు ఆపి, వెయ్యకుండా వచ్చి కూర్చుంది.

ఆపివెయ్యి తిరిగొచ్చేసరికి అలమరాలో ఒక్క దీపం వెలగడం లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. స్విచ్చు వేశాడు. ఆపి వేశాడు. మళ్ళీ ఆపి, కళ్ళు మూసుకుని, వేశాడు. ఇన్నాళ్ళూ అన్నం పెట్టిన మంత్రం ఆ రోజు మొండికేసింది. రౌటర్ ఉలకలేదు, పలకలేదు.

"ఎవరు ఆపారు?" అన్నారు మేనేజరు గారు పరిగెత్తుకొచ్చి.

"నేనేనండీ" అంది అక్క. "తమ్ముడూ, నువ్వు రాసినట్టేగా చేశాను."

మేనేజరు గారు బోర్డు పైకి చదివారు. "రౌటర్ ఆపి..." అని కాస్త ఆగి, "వేయవద్దు" అన్నారు. "స్పష్టంగానే ఉందిగా." మూట దింపుతున్న లోడరును పిలిచి చదివించారు. అతనూ సరిగ్గా అక్కడే ఆగాడు. అందరూ ఆపివెయ్యి గొంతుతోనే చదివారు. అన్నేళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే ఇంకెలా చదువుతారు?

నేరం అక్క మీదికి తోసేద్దామని ఆపివెయ్యికి ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆమె మొహంలో తప్పు చేశానన్న బెదురు లేదు, చెప్పింది చెప్పినట్టు చేశానన్న తృప్తి ఉంది. అది చూశాక నోరు రాలేదు.

"రాసింది నేనే సార్" అన్నాడు.

సాయంత్రానికి తోడల్లుడు స్వయంగా వేంచేశాడు. రౌటర్‌ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గంభీరంగా, "ఒకసారి ఆపి వేసి చూశారా?" అన్నాడు. లోడరు నవ్వు ఆపుకోలేక గోడౌన్లోకి పారిపోయాడు. ఆపివెయ్యికి మాత్రం నవ్వు రాలేదు. ఈ ఒక్క ముక్కకా ఇతనికి చేతుల కుర్చీ అనుకున్నాడు.

కొత్త రౌటర్ వచ్చింది, పోస్టు పోయింది. తిరిగి టేపు పనికి వెళ్దామంటే అక్కడ ఇప్పుడు యంత్రం ఉంది. మరదలు మొగుణ్ణి అడిగిందో, అత్తగారు అల్లుణ్ణి అడిగిందో, తోడల్లుడే ఫోన్ చేశాడు.

"మా దగ్గర ఫోన్లలో మాట్లాడేవాళ్ళు కావాలన్నయ్యా. పెద్దగా ఏమీ తెలియక్కర్లేదు. మీరు చేసేస్తారు."

వెటకారం అయితే తిట్టిపోసేవాడు. పాపం మనస్ఫూర్తిగా అన్నాడు. భార్య వంటింట్లోంచి వచ్చి అతని మొహం చూసి, ఏమీ అడక్కుండా పక్కన కూర్చుంది. సరేనన్నాడు.

ఇప్పుడు ఆ కంపెనీలో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పొద్దస్తమానం కూర్చుంటాడు. మొన్నొక ఫోన్ వచ్చింది. కంపెనీ నేర్పిన స్వాగతవచనం అంతా అప్పజెప్పాడు.

"తమ్ముడూ, నువ్వేనా?"

కౌంటరు అక్క. ఆ గొంతు వినేసరికి అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెట్ పోయిందట. అతను గొంతు సవరించుకున్నాడు. ఆ రెండు మాటలూ ఒకే వాక్యంలో అనడం అతను మానేసి చాలా రోజులైంది.

"అక్కా, ముందు ఆపండి."

"ఆపాను."

"ఆపేశారుగా. ఇప్పుడు వెయ్యండి."

"నోటితో చెప్పావు కాబట్టి వేస్తున్నా తమ్ముడూ" అంది అక్క. "రాసి మాత్రం పంపకు."