పిసినారిలో నారి ఎక్కడిది?

విజయవాడ వన్ టౌన్‌లో మా పిన్నిది చీరల కొట్టు. బాబాయి పోయాక తనే నడుపుతోంది. మూటలకు కట్టి వచ్చిన పురికొసను కూడా ముడులు విప్పి, ఉండ చుట్టి దాస్తుంది. అందుకని బంధువుల్లో ఆమెకు పిసినారి అని పేరు.

బాబాయి సంవత్సరీకానికి ఊరందరికీ భోజనాలు పెట్టనని పిన్ని తేల్చి చెప్పింది. ఉయ్యూరు నుంచి ఆమె మరిది దిగి, చీరలు చూస్తున్న ఆడవాళ్ల ఎదుటే అందుకున్నాడు.

"పిసినారిలోనే నారి ఉందండీ వదినగారూ! ఆడవాళ్లను చూసే పుట్టించారు ఆ మాట."

బేరానికొచ్చినవాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన వెళ్లగానే పిన్ని నాతో, "ఒరేయ్, వంటవాళ్లను మాట్లాడు. ఈ పేరు మోసుకుంటూ కొట్లో కూర్చోలేను" అంది.

నాకు ఒళ్లు మండింది. తద్దినాలు వద్దని సభలెక్కి వాదించినవాణ్ణి, సొంత పిన్ని ఒక్క మాటకు లొంగిపోతుంటే ఎలా ఊరుకుంటాను? ఇంటికెళ్లి నిఘంటువు తీశాను. పిసిని అన్నా లోభి అనే అర్థం. పిసినిగొట్టులో ఏ నారీ లేదు. మగవాణ్ణీ పిసినారి అనే అంటాం. ఆ చివరి 'నారి' ఎక్కడిదో నాకు తేలలేదు, తేలలేదనే చెబుతాను. పిసినికి మూలంగా మాత్రం సంస్కృతంలోని పిశున శబ్దాన్ని చూపించారు. పిశునుడంటే కొండేలు చెప్పేవాడు!

ఆ అర్థం నాకే తగిలింది. పిన్నిని ఆమె వెనక పిసినారి అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మర్నాడు పుస్తకం చంకన పెట్టుకుని కొట్టుకెళ్లాను. మరిది అప్పటికే వచ్చి వంటకాలు చెబుతున్నాడు. "పూర్ణాలు తప్పవండీ..." అంటుండగా పుట తెరిచి చదివి వినిపించాను.

పిన్ని కళ్లు మెరిశాయి. "అయితే పెట్టనిదాన్ని కాదు, పెట్టలేదని ఊరంతా చాటేవాళ్లను పిసినారులనాలన్నమాట!"

"పుస్తకాల్లో సవాలక్ష రాస్తారండీ."

"రాయనివ్వండి మరిదిగారూ. మీ అన్నయ్యకు బతికుండగానే కడుపునిండా పెట్టాను. పూర్ణాలు మీ ఇంట్లో వండించుకోండి."

ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

సంవత్సరీకం నాడు పిన్ని మామూలుగానే కొట్టు తీసింది. భోజనాల్లేవా అని ఆరా తీసినవాళ్లకు లేవనే చెప్పింది. ఎవరైనా మూతి విరిస్తే మాత్రం కుర్చీ చూపించి, "ఇలా కూర్చోండి, పిసినారికి అర్థం చెబుతాను" అనేది. పాపం, ఒక్కరూ కూర్చోలేదు.