జ్వరం పట్టిన వాన

ఆ రోజుల్లో మా చింతామణి ఊరి చుట్టుపక్కల నాటకమంటే తెల్లవార్లూ సాగే పౌరాణికమే. కిరీటం, గద, హార్మోనియం, పద్యం బాగా అందుకుంటే జనంలోంచి 'వన్స్‌మోర్' అని కేకలు. ఇవేవీ లేకుండా నల్లచొక్కాలు వేసుకుని, చూసినవాళ్ళకు అర్థం కాకపోవడమే గొప్ప అనుకుంటూ కొత్త నాటకాలు ఆడే పిచ్చివాళ్ళం ఊరు మొత్తానికి గుప్పెడు మందిమి ఉండేవాళ్ళం. ఆ గుప్పెడుకీ రచయితనూ, దర్శకుణ్ణీ, గోడలకు కాగితాలు అంటించేవాణ్ణీ నేనే. గడ్డం పెంచితే ఆలోచనలు వాటంతటవే వస్తాయని నమ్మే వయసు. (గడ్డం కూడా సరిగా వచ్చేది కాదు.) మాకంటూ ఒక వేదిక లేదు. టమోటా మండీ షెడ్డులో ఒక నాటకం ఆడితే మధ్యలో లారీ వచ్చి, చచ్చిపోయి పడివున్న కథానాయకుణ్ణి లేచి పక్కకు జరగమంది. కల్యాణమంటపం భోజనశాలలో ఇంకొకటి ఆడితే, అయిపోయాక విస్తళ్ళు వేస్తారేమోనని చివరిదాకా కూర్చున్నవాళ్ళే ఎక్కువ.

మా నాన్నకు బజారువీధిలో పాత్రల అంగడి. నా నాటకాల గురించి ఆయన ఎప్పుడూ ఒకే ప్రశ్న అడిగేవాడు. "చూసినోళ్ళు ఎవురన్నా ఇంకోతూరి రమ్మన్నారా?" మళ్ళీ వచ్చే గిరాకీయే గిరాకీ అని ఆయన నమ్మకం. చివరికి ఒకరోజు అన్నం దగ్గర విషయం తేల్చేశాడు. "ఈ తూరి బెంగళూరు ఆయప్ప వస్తాండాడంటివి కదా. ఆయప్ప నీ నాటకాన్ని ఆడికి రమ్మంటే నీ ఇష్టం, నేను నోరెత్తను. రమ్మనలేదంటే ఆ మరుసటి సోమవారం నుంచి వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చో." బెంగళూరు ఆయప్ప అంటే అక్కడ చిన్న బృందాలన్నింటినీ పోగేసి ఏటా నాటకోత్సవం నడిపే పెద్దమనిషి. ఊరూరూ తిరిగి, చూసి, నచ్చినవాటిని పిలిచేవాడు. నేను మహా ధీమాగా "సరే" అన్నాను గానీ ఆ రాత్రి కలలో స్టీలు గిన్నెలు వరసగా వచ్చి నాకు నమస్కారం పెట్టాయి.

నా ధీమాకు కారణం దిబ్బూరహళ్ళిలో ఉండేది. అక్కడ పట్టుపురుగులు పెంచే ఒకామె మా అంగడికి పాత గిరాకీ. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్తా అనే పిలిచేవాణ్ణి. ఒకసారి ఆమె కొన్న నీళ్ళు కాచే అండాను ఇచ్చిరావడానికి వెళ్ళి, పురుగుల ఇంటి వాకిట్లో నిలబడ్డాను. లోపలినుంచి జోరుగా వాన కురుస్తున్న శబ్దం. బయట చూస్తే మండుటెండ. స్కూటర్ సీటు తడిసిందేమోనని ఒకసారి వెళ్ళి తడిమి కూడా వచ్చాను. "అత్తా, వాన పడతాండాది" అంటే ఆమె నన్ను కిందినుంచి పైకి చూసి, "వాన యాడిది నాయనా. పురుగులు మేస్తాండాయి" అంది. తట్టల నిండా వేలకువేల పురుగులు ఒకేసారి మల్బరీ ఆకు నమిలే శబ్దం అది. ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో తెలియదు, వచ్చేసరికి నాటకం మాత్రం తయారైపోయింది.

కథ చిన్నదే. బోరు ఎండిపోయిన రైతు ఒకడు నాటకమంతా వాన కోసం కాచుకుని ఉంటాడు. చిట్టచివర "వినండప్పా, వస్తాండాది" అంటాడు. దీపం ఆరిపోతుంది. చీకట్లో, మైకూ రికార్డూ ఏమీ లేకుండా, నిజమైన వాన శబ్దం. అంతే, నాటకం సమాప్తం. (మైకు వాడకూడదన్నది మా బృందం సిద్ధాంతం. మా దగ్గర మైకు లేకపోవడం వల్ల పుట్టిన సిద్ధాంతం అది.) ఈగలు రాకుండా కట్టిన వలతెరకు అవతల పురుగుల అరలు, ఇవతల ఆకు పోసుకునే గది. ఆ గదిలో ఆడతామని అడిగితే అత్త చాలాసేపు ఆలోచించి ఒప్పుకుంది. "సెంటూ పౌడరూ దోమలమందూ బీడీ, ఏ వాసన ఉన్నా లోపలికి పంపను. కాళ్ళు కడుక్కోని రావల్ల. అరుపులు ఉండకూడదు" అని షరతులు పెట్టింది.

చివరి షరతు దగ్గరే చిక్కు వచ్చింది. మా రైతు వేషధారి పేరేసంద్రలో పంచరు అంగడి నడిపేవాడు. గూళూరు నుంచి బాగేపల్లి దాకా పౌరాణికాల్లో గద పట్టిన మనిషి. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు కాబట్టి జనం ఆయన్ను మైకప్ప అనేవాళ్ళు. కొత్త నాటకాల మీద మోజుతో మాలో కలిశాడు గానీ గొంతు మాత్రం కలవలేదు. "గుసగుసగా చెప్పప్పా" అని నేను బతిమాలితే, "గుసగుసగానే కదప్పా చెప్తాండేది" అనేవాడు. ఆ గుసగుసకు రోడ్డు మీద పోయే బస్సు ఆగి, ఎవరైనా ఎక్కుతారా అని చూసి పోయేది. అయినా రోజూ వచ్చి, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని మరీ సాధన చేసి, కొన్ని వారాలకు మామూలు మనుషుల అరుపు దాకా దిగాడు.

ఇక రోజు కుదరాలి. బెంగళూరాయన ఆ నెలలో ఏ రోజైనా సరే అన్నాడు. మా ఇంట్లో అంగడి తాళం మార్చాలన్నా పంచాంగం చూడాల్సిందే కాబట్టి, నాన్నను మంచి చేసుకున్నట్టు ఉంటుందని ముహూర్తం ఆయన్నే పెట్టమన్నాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, నాటకం చెడిపోతే లాభం తనకేనన్న సంగతి కూడా మరిచిపోయి, తిథీ నక్షత్రమూ వెతికి దివ్యమైన రోజు పెట్టాడు. అత్తకు చెబితే వేళ్ళమీద లెక్కపెట్టుకుని, "అప్పుటికి నాలుగో జ్వరం లేచి పెద్దమేతలో ఉంటాయిలే, ఎండలు ఇట్లే ఉంటే" అంది. పట్టుపురుగు పెరిగే కొద్దీ చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు. నాలుగో జ్వరం నుంచి లేచాక మేసేదే పెద్దమేత, నేను విన్న వాన. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం 'ఉంటాయిలే' అన్నది చెవిన వేసుకుని, 'ఎండలు ఇట్లే ఉంటే' అన్నది అక్కడే వదిలేసి వచ్చేశాను. నాన్నను అడిగాం, నక్షత్రాలను అడిగాం, బెంగళూరును అడిగాం. పురుగుల్ని ఎవరం అడగలేదు.

ఆట ఇంకా రెండు రోజులు ఉందనగా మబ్బు పట్టింది. చలిగాలి తిరిగింది. తాలూకా మొత్తం తల ఎత్తి చూసింది గానీ చినుకు పడలేదు. నాటకానికి తగ్గ వాతావరణం వచ్చిందని సంబరపడినవాణ్ణి జిల్లాలో నేనొక్కణ్ణే అయివుంటాను. చలికి పురుగుల జ్వరం ఆలస్యమవుతుందని పాత్రల అంగడి వాడికి ఎవరు చెబుతారు?

ఆట రోజు సాయంత్రం అత్త వాకిట్లో నిలబడి, వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే వాసన చూసి లోపలికి పంపింది. బెంగళూరు పెద్దమనిషి కారు దిగిన చోటునుంచే ఘుమఘుమలాడుతూ వచ్చాడు. "నువ్వు ఆగప్పా" అంది. ఆయన ముఖ్య అతిథి అని నేను చెవిలో చెప్పాను. "పురుగులకు ముఖ్యమా?" అంది. చివరికి ఆయన తొట్టి దగ్గర మెడా చేతులూ కడుక్కుని, అత్త మొగుడి, అంటే మామ చొక్కా తొడుక్కుని, మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. నా గల్లాపెట్టె భవిష్యత్తు అంతా ఆ వదులు చొక్కాలో కూర్చుని ఉంది.

నాటకం బాగానే నడిచింది. మైకప్ప నిజంగానే గొంతు తగ్గించి ఆడాడు. ఆఖరి ఘట్టంలో ఆకాశం వైపు చూసి, "వినండప్పా, వస్తాండాది" అన్నాడు. దీపం తగ్గించాం. అందరూ చెవులు రిక్కించారు. ఏమీ లేదు. వలతెర అవతల ఒక్క పురుగూ కదల్లేదు. మైకప్పకు ఇలాంటప్పుడు తెలిసిన విద్య ఒక్కటే, అందుకోవలసిన వాయిద్యం అందుకోకపోతే అదే పద్యం మళ్ళీ ఎత్తుకోవడం. "వస్తాండాది, వినండి" అని మళ్ళీ అన్నాడు. నిశ్శబ్దం. మూడోసారికి అలవాటు కొద్దీ గొంతు పెంచాడు. గోడలు అదిరాయి.

వలతెర పక్కనుంచి అత్త లేచి వచ్చింది. నాటకం ఉందన్న ధ్యాస ఆమెకు లేదు. "అరవద్దప్పా. జ్వరంలో ఉండాయి" అంది.

పద్యాలు అందుకుంటూ వేదిక మీదే పెరిగిన మైకప్ప, ఎదుటి మనిషి మాటకు బదులు చెప్పకుండా ఎలా ఉంటాడు? ఈసారి నిజంగా గుసగుసలాడాడు. "ఎప్పుడు లేస్తాయమ్మా?"

"రేపు లేస్తాయి. ఎప్పుడు లేవలేదు?"

"అంతవరకు ఏం చేసేది?"

"ఏం చేస్తాం. ఆకు కోసి పెట్టుకోని కూర్చోవల్ల."

మైకప్ప ఒక్క క్షణం ఆమెను చూసి, ఆకు కుప్ప పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. అత్త కూడా, ఆయన ఇంకోసారి అరుస్తాడేమోనని, అక్కడే పక్కన కూర్చుంది. ఇద్దరూ వలతెర వైపు చూస్తూ ఉండిపోయారు. జనంలో చప్పట్లు కొట్టబోయినవాళ్ళను పక్కనున్న రైతులే చేయి పట్టి ఆపారు. నేను పేజీలు పేజీలు రాసి చెప్పలేనిది ఆ నాలుగు మాటల్లో వచ్చేసింది. నాకు కలిగింది సంతోషమో, అసూయో ఇప్పటికీ తేల్చుకోలేదు.

బయటికి వచ్చాక బెంగళూరాయన నా చేయి పట్టుకుని, ఆ చివరి మాటలు ఎవరు రాశారని కన్నడంలో అడిగాడు. మా అత్తవి అన్నాను. అయితే ఆమెను కూడా తీసుకురండి, నాటకం రెండు నెలల్లో బెంగళూరులో ఆడాలి అన్నాడు. నేను గాల్లో తేలుతూ వెళ్ళి చెప్పాను. అత్త అరలకేసి చూసింది. "అప్పుటికి ఇంకో పంట పెద్దమేతలో ఉంటాది. మీ మామ ఒక్కడితో యాడ అవుతాది? నువ్వు ఉండి మేత వేస్తావంటే పోతా" అంది.

అలా నా నాటకం బెంగళూరు వెళ్ళింది, నేను తప్ప. మా నాన్న కూడా వెళ్ళాడు, ముహూర్తం పెట్టింది తానే కాబట్టి. అక్కడ ఆట ఉన్న సాయంత్రం నేనూ మామా తట్టలన్నింటికీ ఆకు పరిచాం. మామ తోటలోకి వెళ్ళాక నేను ఆకు గదిలో ఒక్కణ్ణే కూర్చున్నాను. కాసేపటికి మొదలైంది. ముందు సన్నగా, తర్వాత జోరుగా, నేను కోరుకున్న వాన ఇల్లంతా నిండిపోయింది. పైకి లేచి, ఎవరూ లేరు కదా అని, "వినండప్పా, వస్తాండాది" అని మైకప్ప లాగా చేయి చాపి మరీ అన్నాను. అప్పుడే ఫోను మోగింది. నాన్న. "మీ అత్త మాటకు వన్స్‌మోర్ అన్నారురా. ఒకతూరి చెప్తే చాలదా అని లోపలికి పోయింది" అన్నాడు. కాస్త ఆగి, "ఆడ ఏమిరా, వాన పడతాండాదా?" అని అడిగాడు. అవును నాన్నా, బాగా పడుతోంది అన్నాను.

గల్లాపెట్టె దగ్గరికి నన్ను ఎవరూ తరమలేదు. నాన్నకు మోకాళ్ళ నొప్పులు వచ్చాక నేనే వెళ్ళి కూర్చున్నాను. నాటకాలు ఇప్పుడూ సాయంత్రాలు ఆడుతూనే ఉన్నాం. గడ్డం ఇప్పుడు బాగానే వస్తుంది, తెల్లగా. అంగడి రేకుల మీద నిజం వాన మొదలైన రోజున మాత్రం, గిరాకీకి గిన్నె అందిస్తూ అందిస్తూ ఒక్క క్షణం ఆగి, పురుగులకు ఆకు వేసిందెవరా అనుకుంటాను. ఆకు కుప్ప పక్కన ఒంటరిగా చేయి చాపి నిలబడ్డ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడికి ఒక్కసారైనా వన్స్‌మోర్ అనాలనిపిస్తుంది.