బండిని అందుకున్న లెక్క

నా చిన్నప్పుడు మా ఊళ్లో సైకిలు తొక్కే ఆడపిల్ల ఒక్కతే, పక్కింటి అక్క. బాగేపల్లిలో హైస్కూలు చదివేది. నేను మూడో తరగతితోనే బడి మానేసినదాన్ని. అయినా ఆ అక్క వేసిన ఒక లెక్క నాకు అంకెలతో సహా గుర్తుంది.

ఒకనాటి పొద్దున మా నాయన శెనక్కాయల మూటలు ఎద్దుల బండికెత్తించి నూనె మిల్లుకు బయలుదేరాడు. నాయన ఎద్దులను తోలుకురాబోతే, ఏ మూటలు ఎత్తాలో కూలివాళ్లకు చూపించమని నాకు చెప్పి అమ్మ పాలు పితకడానికి వెళ్లింది. నేను నిద్రమత్తులో, విత్తనానికని విడిగా పెట్టిన మూట కూడా చూపించేశాను. అమ్మ చూసుకునేసరికి బండి వెళ్లి రెండు గంటలైంది. ఆ కాయలు మిల్లులో పడితే వాన వచ్చినా చేనికి గింజ ఉండదు.

ఏడు మైళ్ల దగ్గర దారి రెండుగా చీలుతుంది, బాగేపల్లికి ఒకటి, చింతామణికి ఒకటి. ఎదురొచ్చే బండ్లవాళ్లను అడిగి, రద్దీ తక్కువున్న మిల్లువైపు తిప్పడం నాయనకు అలవాటు. చీలిక దాటితే ఎటు పోయాడో ఎవరికెరుక?

అమ్మ గోల విని అక్క సైకిలుతో వచ్చింది. “మీ మామ చేని నుంచి రానీయండమ్మా, అరగంటలో వస్తాడు, సైకిలు మీద ఆయన పోతాడు” అంది అమ్మ.

అక్క అరుగు మీద ముగ్గుపిండితో రెండు గీతలు గీసింది. ఒకటి బండి నడక, ఇంకొకటి సైకిలు నడక. రెండూ కలిసిన చోట బండి దొరుకుతుందంది. కానీ ముగ్గు గీత వేలంత లావు. కలిసింది చీలికకు ఇవతలో అవతలో తేలలేదు. అప్పుడు బొగ్గు తీసుకుంది. పట్టే గంటలు ‘గ’ అనుకుంది. బండి గంటకు రెండు మైళ్లు, ఇప్పటికే నాలుగు మైళ్లు ముందుంది. అంటే రెండు గ-లూ, పైన నాలుగూ. సైకిలు ఆరు గ-లు. రెండూ సమానం చేసి, అటూ ఇటూ రెండేసి గ-లు తీసేసింది. నాలుగు గ-లు నాలుగైతే, గ ఒకటి. గంటలో, ఆరో మైలు దగ్గర కలుస్తాం. అదే అరగంట ఆగితే ఏడున్నర మైళ్లు!

“మామ వచ్చి అందుకునేలోగా చీలిక దాటిపోతాది చిన్నమ్మా. ఊరోళ్లు నవ్వితే నవ్వనీ” అని నన్ను వెనక కూర్చోబెట్టుకుంది. దారిలో ఏడుస్తూ నా తప్పు చెప్పేశాను. “గట్టిగా పట్టుకో” అంది అక్క.

ఆరో మైలు ఇంకా రాకముందే బండి కనిపించింది, ఎద్దులు నీళ్లు తాగుతున్నాయి. “వీటి దప్పిక లెక్కలో రాయడం మరిచిపోయినానే!” అని అక్క నవ్వింది.

“ఏమ్మా, మీరిద్దరే వస్తాండారు?” అన్నాడు నాయన.

“విత్తనాల మూట ఎక్కిపోయింది చిన్నాయనా.”

“ఎవురు చూపించిరి?”

“ముందు మూట దించప్పా!” అంది అక్క.

మూటను సైకిలుకు కట్టుకుని ఇద్దరం తోసుకుంటూ ఇల్లు చేరాం. ఆ ఏడు చేను పచ్చగా మొలిచింది. ఎవరు చూపించారో నాయనకు చివరిదాకా తెలియదు.

ఆ బొగ్గు లెక్కలో బండి ఎంత దూరం పోయింది, ఎంత జోరుగా పోతోంది అనేవే ఉన్నాయి. తప్పెవరిది అన్నదానికి అక్క అక్షరమే పెట్టలేదు. నేటికీ మా ఇంట్లో ఏదైనా చెయ్యి జారితే, బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లను నేను ఎవరు చేశారని అడగను. “ఇప్పుడు యాడ ఉండాది, చెప్పమ్మా” అంటూ చెప్పులు వేసుకుంటాను.